నడక ఒక్కటే ఎముకకు చాలదు

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. నెలసరి ఆగిపోయి ఐదేళ్ళయింది. నడుం నొప్పి అని వెళితే డెక్సా స్కాన్ తీయించారు. టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యుక్తవయసువాళ్ళ సగటుతో పోలిస్తే ఎముక సాంద్రత ఎంత తగ్గిందో చెప్పే అంకె) వెన్నెముక దగ్గర మైనస్ 2.1, తుంటి దగ్గర మైనస్ 1.7 వచ్చింది. ఎముకలు పల్చబడుతున్నాయని, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదని, వ్యాయామం చేయమని డాక్టరుగారు చెప్పారు. నేను ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో గంటసేపు నడుస్తున్నాను. అయినా ఇలా ఎందుకయింది? మా అమ్మాయి జిమ్‌కు వెళ్ళి బరువులెత్తమంటోంది. ఉన్న ఎముకలు కూడా విరుగుతాయేమోనని మావారి భయం. మా అత్తగారు బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు, ఆ భయం ఇంట్లో అందరికీ ఉంది. మరో మాట. మా తోడికోడలి కూతురికి పన్నెండేళ్ళు, స్కూల్లో ఖోఖో ఆడుతుంది. ఈమధ్యే పెద్దమనిషి అయింది కాబట్టి ఇక ఆటలు మానిపించాలని పెద్దవాళ్ళు అంటున్నారు. ఆ గెంతడం, దూకడం ఆడపిల్లకు మంచిదేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ నడక వృథా కాలేదు. కానీ ఎముకను గట్టిపరిచే పని నడకతో అయ్యేది కాదు. అందుకే ఇన్నేళ్ళు క్రమం తప్పకుండా నడిచినా స్కాన్‌లో ఆ అంకెలు వచ్చాయి. మీ అమ్మాయి చెప్పిన మాట సరైనదే. మీవారి భయమూ అర్థం లేనిది కాదు, ఎందుకంటే ఎలా ఎత్తాలో నేర్చుకోకుండా ఎత్తితే నిజంగానే ప్రమాదం. మీలాగే నడకనే నమ్ముకున్న ఆడవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఎముక ఒకసారి తయారై ఊరుకునే వస్తువు కాదు. పాత ఎముకను తొలిచి తీసేసే కణాలు, ఆ చోట కొత్త ఎముకను పోసే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ఎక్కడ తీయాలో, ఎక్కడ పోయాలో వాటికి చెప్పేవి మూడో రకం కణాలు. వీటిని ఆస్టియోసైట్లు అంటారు. ఇవి ఎముక లోపలే పాతుకొని, సన్నని కాలువల ద్వారా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మనం బరువు మోపినప్పుడు ఎముక కంటికి కనిపించనంతగా వంగుతుంది. గట్టిగా పరుగెత్తినప్పుడు సైతం కాలి ఎముకలో వచ్చే సాగుదల దాని పొడవులో వెయ్యింట రెండు వంతులకు దగ్గరగా మాత్రమే ఉంటుంది. ఆ కాస్త వంపుకే కాలువల్లోని ద్రవం కదులుతుంది, ఆ కదలికను ఆస్టియోసైట్లు పసిగడతాయి. ఒత్తిడి తగినంతగా ఉంటే, కొత్త ఎముక పోయడాన్ని అడ్డుకునే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్‌ను అవి తగ్గిస్తాయి. ఒత్తిడి లేకపోతే పెంచుతాయి. అంతరిక్షంలో నెలల తరబడి భారం లేకుండా తేలియాడే వ్యోమగాములు తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం చొప్పున ఎముకను పోగొట్టుకుంటారు. ఎముక తనమీద పడే భారానికి అనుగుణంగా రూపు మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రతిపాదించాడు. అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ 1987లో ఆ ఆలోచనకు హద్దులు గీశాడు: ఒత్తిడి ఒక హద్దుకు దిగువన ఉంటే ఎముక తరుగుతుంది, మరో హద్దును దాటితే పెరుగుతుంది, ఆ రెంటి మధ్య ఉంటే ఉన్నది నిలబడుతుంది.

మీ నడక ఆ మధ్య భాగంలోకి వస్తుంది. ఎనిమిదేళ్ళుగా అదే రోడ్డు, అదే వేగం, అదే ఒంటి బరువు. అందులో ఎముకను కదిలించే కొత్తదనం ఏమీ లేదు. ఎముక కిలోమీటర్లను లెక్కపెట్టదు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచినవాళ్ళ కండరాలు ఎంత అలసినా, ఎముక మీద పడేది మాత్రం అలవాటైన అదే చిన్న ఒత్తిడి, వేల సార్లు. 1984లో క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ అనే పరిశోధకులు ఈ సంగతిని కోడిపుంజుల రెక్క ఎముకపై నేరుగా పరీక్షించారు. మామూలు కదలికలేవీ తగలకుండా వేరుచేసిన ఎముకపై రోజుకు 4 సార్లు మాత్రమే గట్టి ఒత్తిడి కలిగిస్తే, తరగడం ఆగింది. 36 సార్లకు ఎముక బాగా పెరిగింది. 360 సార్లు, 1,800 సార్లు చేసినా అంతకు మించి పెరగలేదు. కదలకుండా మోపి ఉంచిన బరువుకు ఎముక స్పందించదని కూడా ఇదే తరహా ప్రయోగాల్లో తేలింది. అంటే ఎముకకు కావలసింది బలమైన, వేగవంతమైన, అలవాటు లేని ఒత్తిడి. అది కొద్దిసార్లు చాలు, ఆ తర్వాత విశ్రాంతి ఉండాలి. ఈతగాళ్ళకు, సైకిల్ తొక్కేవాళ్ళకు గుండె, కండరాలు ఎంత బాగున్నా ఎముక సాంద్రత మామూలు మనుషులకన్నా ఎక్కువగా ఉండకపోవడానికి కారణం, ఒంటి బరువును నీరో సైకిలో మోయడం వల్ల ఆ ఒత్తిడి అందకపోవడమే.

అలాగని నడక మానకండి. అమెరికాలో నర్సులపై ఏళ్ళ తరబడి సాగిన అధ్యయనంలో, 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వేరే వ్యాయామం ఏదీ లేకుండా వారానికి కనీసం 4 గంటలు నడిచినవాళ్ళలో తుంటి ఎముక విరగడం, వారానికి గంటకన్నా తక్కువ నడిచినవాళ్ళతో పోలిస్తే 41 శాతం తక్కువగా కనిపించింది. నడవగలిగినవాళ్ళు మొదటినుంచీ ఆరోగ్యవంతులై ఉండటం కూడా ఇందులో కొంత ఉండవచ్చు. అయినా నడక కాళ్ళలో పట్టును నిలుపుతుంది, గుండెకు మేలు చేస్తుంది. వెన్నెముక సాంద్రతను పెంచే పనిని మాత్రం దానికి అప్పగించలేం.

మీ విషయంలో అసలు నష్టం వచ్చింది మరోవైపు నుంచి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఉన్నంతకాలం ఎముకను తొలిచే కణాల ఆయుష్షు అదుపులో ఉంటుంది. నెలసరి ఆగిపోయాక ఆ అదుపు సడలుతుంది. ఆ తర్వాతి ఐదు నుంచి ఏడేళ్ళలో ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గే వీలుంది, మీరు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు. మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది కాబట్టి ఈ నష్టం మనకు ముందుగానే మొదలవుతుంది. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా చిన్న వయసులోనే తీసేసినవాళ్ళకు అది ఇంకా ముందే వస్తుంది. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ ఆపరేషన్ అయిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, అండాశయాలు ఉంచారో తీశారో డిశ్చార్జి కాగితంలో తప్పక చూసుకోవాలి.

ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముక వ్యాయామానికి స్పందించే తీరు కూడా మందగిస్తుంది. 1998లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో స్త్రీల చేత వారానికి ఆరు రోజులు, రోజుకు 50 చొప్పున చిన్న చిన్న గెంతులు వేయించారు. నెలసరి ఇంకా వస్తున్నవాళ్ళలో ఐదు నెలలకే తుంటి దగ్గర 2.8 శాతం సాంద్రత పెరిగింది. ఆగిపోయినవాళ్ళలో ఏడాది చేసినా చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దీన్నిబట్టి యాభై దాటినవాళ్ళకు వ్యాయామం వల్ల ఎముక పెరగదని చాలాకాలం అనుకున్నారు, పెద్దవాళ్ళకు తేలికపాటి వ్యాయామాలే చెబుతూ వచ్చారు. ఆ అతి జాగ్రత్తే ఎందరికో మేలు జరగకుండా చేసిందని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం చేసిన లిఫ్ట్‌మోర్ ప్రయోగం ఈ ఆలోచనను మార్చింది. దాని ఫలితాలు 2018లో వచ్చాయి. నెలసరి ఆగిపోయి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసింది. రెండో జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలపాటు శిక్షకుల కళ్ళెదుట నిజంగానే పెద్ద బరువులెత్తింది: నేలమీది బరువును తుంటి దాకా లేపడం, భుజాలపై బరువుతో గుంజీలు, బరువును తలపైకి ఎత్తడం, కడ్డీని పట్టుకొని పైకి ఎగిరి పాదాలు గట్టిగా తాకేలా నేలకు దిగడం. మొదటి నెల ఒంటి బరువుతోను, తక్కువ బరువులతోను నేర్పించి, ఆ తర్వాత ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా పెట్టి, ఐదేసి సార్లు చొప్పున ఐదు విడతలు చేయించారు. బరువులెత్తినవాళ్ళలో వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. తేలికపాటి వ్యాయామం చేసినవాళ్ళలో 1.2 శాతం తగ్గింది. తొడ ఎముక మెడ (తుంటి కీలు దగ్గరి సన్నని భాగం) దగ్గర బరువులెత్తిన జట్టులో 0.3 శాతం పెరిగితే, తేలికపాటి వ్యాయామం చేసిన జట్టులో 1.9 శాతం తగ్గింది. మీవారు తెలుసుకోవలసింది ఇంకొకటుంది: అన్ని నెలల్లో బరువులెత్తిన జట్టులో వచ్చిన ఇబ్బంది ఒక్కరికి స్వల్పంగా నడుం పట్టేయడం మాత్రమే. అయితే అదంతా నేర్పినవాళ్ళు పక్కన నిలబడి చేయించింది, వీడియో చూసి ఒంటరిగా చేసింది కాదు.

మూడు శాతం అంటే తక్కువగా అనిపించవచ్చు. డెక్సా యంత్రం ఎముకలో ఖనిజం ఎంత ఉందో చూస్తుంది గానీ అది ఎక్కడ ఉందో సరిగ్గా చెప్పలేదు. వెదురు బొంగు తక్కువ బరువుతోనే గట్టిగా నిలవడానికి కారణం దాని పదార్థమంతా అంచున ఉండటం. కాళ్ళు చేతుల్లోని పొడవాటి ఎముకలూ అంతే. వంపును తట్టుకునే శక్తి వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని అనుసరించి ఉంటుంది కనుక బయటి అంచున పల్చటి పొర చేరినా, బలంలో వచ్చే తేడా స్కాన్ చూపించే దానికన్నా ఎక్కువ. ఈ బయటి పొర చేరడం ఎదిగే వయసులోనే ఎక్కువగా జరుగుతుంది. మీ వయసులో వ్యాయామం చేసే ముఖ్యమైన పని లోపలినుంచి తరిగిపోతున్నదాన్ని నిలపడం, కండరానికి బలాన్నిచ్చి పడిపోకుండా కాపాడటం. తూలిపోకుండా నిలబడటానికీ కాళ్ళ బలానికీ చేసే వ్యాయామాలు పెద్దవాళ్ళలో పడిపోవడాన్ని దాదాపు నాలుగోవంతు తగ్గిస్తాయని 2019లో అనేక ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. తుంటి ఎముక విరిగే సందర్భాలన్నీ దాదాపు పడిపోవడంతోనే మొదలవుతాయి.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరుగారిని ఒక విషయం అడగండి. మీకు నడుం నొప్పి ఉంది కాబట్టి వెన్నుపూస ఏదైనా ఇప్పటికే నొక్కుకుపోయిందేమో పక్కనుంచి తీసిన ఎక్స్‌రేతో చూసుకోవాలి. యుక్తవయసులో ఉన్న ఎత్తుకన్నా నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గి ఉంటే ఇది మరీ అవసరం. వెన్నుపూస విరిగి ఉంటే మందుల సంగతీ వ్యాయామం సంగతీ రెండూ మారిపోతాయి. రక్తపోటు అదుపులో ఉందో లేదో చూసుకోండి. స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉంటే చెప్పండి. మీ అత్తగారి తుంటి విరగడం మీ వంశపారంపర్యపు లెక్కలోకి రాదు. మీ అమ్మగారికో నాన్నగారికో అలా జరిగి ఉంటే మాత్రం తప్పక చెప్పాలి, ఆ లెక్కతో డాక్టరుగారి నిర్ణయం మారవచ్చు.

ఇక చేసే పద్ధతి. నేలమీది బరువును ఎత్తే తీరు ముందు నేర్చుకోవాలి, అందుకు మొదటి రోజుల్లో బరువే అక్కర్లేదు. ఇల్లు తుడిచే పొడవాటి కర్ర ఒకటి తీసుకోండి. దాన్ని వీపు వెనక నిలువుగా పట్టుకొని, తల వెనక భాగానికి, రెండు భుజాల మధ్య వీపుకు, నడుం దిగువన పిరుదుల మధ్య ఎముకకు మూడు చోట్లా ఆనేలా ఉంచండి. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్ళు కాస్త సడలించి, తుంటిని వెనక్కి నెట్టండి. ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది. కర్ర మాత్రం ఆ మూడు చోట్ల ఎక్కడా విడిపోకూడదు. విడిపోయిందంటే నడుం గుండ్రంగా వంగిందని అర్థం. తొడల వెనక కండరం బిగుసుకున్నట్టు తెలియగానే ఆగి, పిరుదుల బలంతో పైకి లేవండి. ఇది సాఫీగా వచ్చాక ఐదు కిలోల బియ్యం సంచిని తొడలకు దగ్గరగా పట్టుకొని అదే కదలిక చేయండి. ఇంట్లో నీళ్ళ టిన్ను ఎత్తినప్పుడూ, మనవల్ని ఎత్తుకున్నప్పుడూ ఇదే తీరు పనికొస్తుంది. దీనికి తోడు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడను చేత్తో ఆనుకొని మునివేళ్ళపై లేచి మడమలను టక్కున నేలకు దింపడం మొదలుపెట్టండి.

రెండో నెలనుంచి ఫిజియోథెరపిస్టు దగ్గరో, స్కాన్ రిపోర్టు చదివి అర్థం చేసుకోగల శిక్షకుల దగ్గరో చేరండి. పన్నెండు సార్లు హాయిగా ఎత్తగలిగే బరువుతో మొదలుపెట్టి, నెలలు గడిచేకొద్దీ ఎనిమిది సార్లకే ఇక చాలనిపించే బరువుకు, వాళ్ళు సరేనంటే ఐదు సార్లకే చాలనిపించే బరువుకు చేరుకోవాలి. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం ఉండాలి. విడతకూ విడతకూ మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చోండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదలండి. మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు గెంతులు మానేసి బరువులకే పరిమితం కావచ్చు. గెంతినప్పుడు మూత్రం చుక్కలుగా పడటం ఈ వయసులో చాలామందికి ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గుపడి వ్యాయామమే మానేస్తారు. దానికి వేరే వ్యాయామాలు ఉన్నాయి, అడిగితే నేర్పుతారు.

ఏ శిక్షకులైనా మీ రిపోర్టు చూసి కూడా మొదటి రోజే వెల్లకిలా పడుకోబెట్టి పైకి లేచే పొట్ట వ్యాయామాలు చేయిస్తే అక్కడినుంచి వచ్చేయండి. యోగా చేస్తున్నవాళ్ళకూ ఇదే జాగ్రత్త: వెన్నును గుండ్రంగా ముందుకు వంచే పశ్చిమోత్తానాసనం, హలాసనం లాంటివి గుల్లబారిన వెన్నుపూసల ముందు అంచును నొక్కేస్తాయి. మేయో క్లినిక్ వైద్యులు 1984లో ప్రచురించిన 59 మంది స్త్రీల చిన్న అధ్యయనంలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నొక్కుకుపోతే, వెన్నును వెనక్కి నిటారుగా లేపే వ్యాయామాలు చేసినవాళ్ళలో అది 16 శాతమే. భుజంగాసనం, శలభాసనం నెమ్మదిగా చేసుకోవచ్చు.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. నెలసరి ఆగినవాళ్ళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటుంది. పెరుగు, నువ్వులు, తినే అలవాటుంటే ముళ్ళతో సహా నమిలే నెత్తళ్ళు మంచి ఆధారం. విటమిన్ డి ఒకసారి పరీక్ష చేయించుకోండి. తెల్లవారకముందే నడక ముగించేవాళ్ళకు సముద్రపు గాలి దొరుకుతుంది గానీ ఎండ అందదు. పప్పు, గుడ్డు, చేప తగినంత లేకుండా బరువులెత్తితే కండరం పెరగదు.

ఫలితం కోసం తొందరపడకండి. తీసిన చోట కొత్త ఎముక పోసి గట్టిపడటానికే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. స్కాన్ మళ్ళీ ఏడాదిన్నరకో రెండేళ్ళకో, అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద తీయించుకోండి. ఒకటి రెండు శాతం తేడా యంత్రపు పొరపాటులోనే పోతుంది కాబట్టి వేర్వేరు చోట్ల తీసిన అంకెలను పోల్చి సంతోషపడటానికీ బెంగపడటానికీ లేదు. వ్యాయామం మానేస్తే వచ్చిన లాభం మెల్లగా వెనక్కి పోతుంది. మున్ముందు టీ-స్కోరు మైనస్ 2.5కు చేరినా, చిన్నపాటి దెబ్బకే ఏదైనా ఎముక విరిగినా మందులు మొదలుపెట్టాలి. అప్పుడు బరువులెత్తుతున్నాం కదా అని మందులు వద్దనకండి.

చివరగా మీ తోడికోడలి కూతురి సంగతి, ఇది మీ సంగతికన్నా తక్కువేమీ కాదు. దయచేసి ఆ పిల్ల ఆట మానిపించకండి. ఆడపిల్లల్లో ఎముక అత్యంత వేగంగా పెరిగేది పన్నెండు, పదమూడేళ్ళ మధ్యనే. పెద్దయ్యాక ఉండే మొత్తం ఎముక ఖనిజంలో దాదాపు నాలుగోవంతు ఆ రెండేళ్ళలోనే చేరుతుందని కెనడాలో పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి తేల్చారు. ఫిన్లాండ్‌లో పెక్కా కన్నుస్ బృందం 1995లో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల రెండు చేతుల ఎముకలనూ కొలిచి చూసింది. రాకెట్ పట్టే చేతికీ రెండో చేతికీ మధ్య తేడా, రజస్వల కాకముందో ఆ సమయంలోనో ఆట మొదలుపెట్టినవాళ్ళలో, చాలా ఏళ్ళ తర్వాత మొదలుపెట్టినవాళ్ళకన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా ఉంది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే హార్మోన్లు. తేడా అంతా ఆ చేతిపై పడిన ఒత్తిడిదీ, అది పడిన వయసుదీ. ఖోఖోలో ఒక్కసారిగా లేవడం, దిశ మార్చడం, ఆగడం, దూకడం అన్నీ ఎముకకు కావలసిన తరహా ఒత్తిడే. పెద్దమనిషి అయిందని ఇంట్లో కూర్చోబెడితే, మళ్ళీ తిరిగిరాని రెండేళ్ళను ఆ పిల్ల ఎముకలకు లేకుండా చేసినట్టే.

నెలసరి రోజుల్లో కూడా ఒంట్లో బాగుంటే ఆడవచ్చు, గర్భసంచికి ఏమీ కాదు. ఆట పెరిగినప్పుడు తిండి కూడా పెరగాలి. స్కూలు నుంచి వచ్చేసరికి పాలో గుడ్డో పల్లీల ఉండో ఏదో ఒకటి సిద్ధంగా ఉంచమని మీ తోడికోడలికి చెప్పండి. మొదటి ఏడాది రెండేళ్ళు నెలసరి కాస్త అటూఇటూ కావడం మామూలే. కానీ ఆట ముమ్మరంగా సాగే రోజుల్లో పిల్ల బరువు తగ్గి, వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే, ఆమెకు ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక నష్టపోతోందేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా ముందు సరిచేయవలసింది ఆమె తిండిని.